రెండొందల రూపాయల రసీదు

శుక్రవారం సాయంత్రాలు రిఫా కోట దగ్గర చేరి, కింద హునైనియా లోయని చూస్తూ కరక్ చాయ్ తాగడం మా నలుగురైదుగురికి అలవాటు. అందరం తెలుగువాళ్ళం, అందరం మాజీ సైనికులం. ఒకాయన గోదాముకి కాపలా, ఒకాయన క్రేన్ డ్రైవరు, నేను ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌కీపర్ని. పోయినేడాది దాకా ఇంకొకడు కూడా ఉండేవాడు. ఇది అతని గురించే, కొంత నా సిగ్గు గురించి కూడా.

ఇంటికో సైనికుడని పేరున్న మాధవరానికి మా ఊరు దగ్గరే. సిగ్నల్స్‌లో పదిహేడేళ్ళు చేసి ఇంటికొచ్చిన వారానికి, మాజీ సైనికుల సంఘం నడిపే సుబేదారు బాబాయ్ రసీదు పుస్తకంతో మా అరుగు మీద కూర్చున్నాడు. సభ్యత్వం రెండొందలు.

"కాయితాల మీద ఇంకో రెండేళ్ళు రిజర్వులో ఉన్నావు కదరా. మా దాంట్లో ఉండటానికేం?"

"ఈసారి చూద్దాం బాబాయ్" అన్నాను. సంఘమంటే నా లెక్కలో డిసెంబరు 7న జెండా రోజు, దండలు, ఫొటో, పేపర్లో మూడు లైన్లు. పైగా ఒకే ఊళ్ళో రెండు సంఘాలు, రెండిటికీ పడదు. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను.

ఇక్కడికొచ్చాక జుఫేర్‌లోని అమెరికా నౌకాదళ స్థావరానికి సరుకు పట్టుకెళ్ళినప్పుడు ఒక రిజర్వు అధికారితో మాట కలిసింది. తన ఊళ్ళో బడిపంతులట, పిలుపొస్తే యూనిఫారం వేస్తాడట. వాళ్ళ రిజర్వు అధికారుల సంఘం 1922లో, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళని పెర్షింగ్ జనరల్ కూడగట్టమంటే పుట్టిందట. 1950లో వాళ్ళ కాంగ్రెసు దానికి చార్టరు కూడా ఇచ్చింది. "అందులో ఏమొస్తుంది?" అనడిగాను. పటాలం బాధలు బళ్ళో వాళ్ళకి అర్థం కావు, బడి బాధలు పటాలంలో వాళ్ళకి అర్థం కావు, రెండూ తెలిసినవాళ్ళు అక్కడే దొరుకుతారన్నాడు. బాగానే చెప్పాడనుకున్నాను. రెండొందలు మాత్రం కట్టలేదు.

మాలో ఆ ఇంకొకడు శ్రీకాకుళం వైపువాడు, మద్రాస్ రెజిమెంటు. నన్ను అన్నా అనేవాడు. తూర్పు రిఫాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకరోజు తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. యాభై నిండలేదు. శవాన్ని ఇంటికి పంపే కాయితాల కోసం వారం తిరిగాం. అంతటితో మా పని అయిపోయిందనుకున్నాం.

రెండు నెలలకి అతని భార్య ఫోన్ చేసింది. కుటుంబ పెన్షన్ కదలడం లేదట. సర్వీసు రికార్డులో ఆమె పేరు లక్ష్మి. ఆధార్‌లో వెంకటలక్ష్మి, ఇంటిపేరుతో సహా. పుట్టిన తేదీ ఒక్కో కాయితంలో ఒక్కోటి. ఎప్పుడో పెళ్ళైన కొత్తలో సెలవు తక్కువై హడావిడిగా రాయించిన పేరది. తప్పు ఎవరిదనాలి? మన ఇళ్ళల్లో పిలిచే పేరొకటి, బడిలో పేరొకటి, ఇంటిపేరు ముందో వెనకో. పిపిఓ, డిశ్చార్జి పుస్తకం రెండూ మా గదిలో, అతని ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయి. రెండిటి పేర్లూ ఆమె అంతకుముందు వినలేదు.

సుబేదారు బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"అతను మెంబరేనా?"

"కాదండి."

"నువ్వు?"

నేనేం మాట్లాడలేదు.

"సరే, అతని ఆర్మీ నంబరు చెప్పు."

బాబాయ్ శ్రీకాకుళం సంఘంలో ఎవరికో చెప్పాడు. వాళ్ళలో ఒక రిటైర్డు హవల్దారు, ఆయన భార్యతో సహా వెళ్ళి ఆమెని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళారు. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ రాయించారు. ఏ కాయితం వెల్లింగ్టన్‌లో రికార్డు ఆఫీసుకి పోవాలో, ఏది ముందు పోతే తిరిగొస్తుందో వాళ్ళకి తెలుసు. సంఘానికి అధికారమేమీ లేదు, ఎవరికీ ఆర్డరు వెయ్యలేదు. ఆ దారిలో అప్పటికే నడిచినవాళ్ళు అందులో ఉన్నారు, అంతే. ఏడు నెలలు పట్టింది. మొదటి పెన్షన్ పడ్డ రోజు ఆమె ఫోన్ చేసి, హవల్దారు గారు ఆటో డబ్బులు కూడా తీసుకోలేదన్నయ్యా అంది.

ఆ రాత్రి నా పెట్టె తెరిచాను. మా ఆవిడ పేరు చివర ఉండాల్సిన 'దేవి' నా రికార్డులో లేదు.

ఇక్కడ సంఘం పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, కాబట్టి మాది ఇంకా టీ మాత్రమే. కాకపోతే ఇప్పుడు ఒక ప్లాస్టిక్ ఫైలు కూడా వస్తోంది. అందరి పిపిఓ జెరాక్సులు, ఇంట్లోవాళ్ళ ఆధార్ నకళ్ళు అందులో ఉన్నాయి. నవంబరు వస్తే జీవన్ ప్రమాణ్ ఎవరు చేశారో, ఎవరు చెయ్యలేదో ఒకరినొకరం అడుగుతాం. క్రేన్ డ్రైవరు పెళ్ళాం పేరు మూడు కాయితాల్లో మూడు రకాలుగా ఉంది, దిద్దించడం మొదలుపెట్టాడు.

బాబాయ్‌కి రెండొందలు పంపాను. ఆలస్యానికి జరిమానా ఏమన్నా ఉందా అంటే తిట్టాడు. సాయంత్రానికి రసీదు ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. అందులో నా ఇంటిపేరు తప్పు రాశాడు. వెంటనే ఫోన్ చేసి దిద్దించుకున్నాను.