ఆ నవ్వు

మొన్న ఒక స్నేహితుడు, వ్యాపారం దెబ్బతిని కూర్చున్న ఇంకో స్నేహితుడికి ధైర్యం చెబుతూ "ఎవడో నవ్వితే నీకేంరా? దులిపేసుకో" అన్నాడు. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, పరీక్ష పోతే మళ్లీ రాయొచ్చు. మనం పడ్డప్పుడు ఎదుటివాడి మొహంలో వెలుగు కనబడుతుందే, దాన్నేం చేయాలి? దేవుడికి తప్ప ఎవరికి చెప్పుకోవాలి?

అలాంటివి దేవుణ్ని అడగకూడదనే పెద్దలున్నారు. మోక్షం అడగాలట, శాంతి అడగాలట. మరి రామదాసు ఏమడిగాడు? నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో (1672–1687) అక్కడి చెరసాల పాలయ్యాడు. అక్కడ కూర్చుని, సీతమ్మ పతకానికి ఎంతయిందో, తమ్ముళ్ల నగలకు ఎంతయిందో రాముడికి లెక్క అప్పజెప్పాడు. ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. అదే కీర్తనలో కాసేపటికే, దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని బతిమాలుకున్నాడు. తిట్టూ బతిమాలడమూ ఒకే ఊపిరిలో వచ్చిన ఆ కీర్తనంటే నాకు ప్రాణం. సింహాచలం నరసింహుడి మీద శతకం చెప్పిన గోగులపాటి కూర్మనాథకవి అయితే, శత్రువులు మీదపడుతుంటే చూస్తూ కూర్చున్నావేమని దేవుడి పౌరుషాన్నే రెచ్చగొట్టాడు. ఆ ఇద్దరి ధైర్యమూ నాకు అర్థమవుతుంది. నమ్ముకున్నవాణ్ని చూసి లోకం నవ్వితే, ఆ నవ్వు దేవుడికీ తగులుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

మా నాన్నది గుంటూరులో మిర్చి వ్యాపారం. ఒక ఏడు రేటు పెరుగుతుందని అప్పు తెచ్చి మరీ కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టాడు. రేటు పడిపోయింది. ఆ వేసవిలో ఒక పెళ్లి భోజనాల్లో, మాకు దగ్గరి బంధువే, పంక్తంతా వినేలా "ఏం బావా, ఈసారి కారం నీ కళ్లలోనే పడిందే!" అని నవ్వాడు. ఆయన టైఫాయిడ్‌తో పడకేసినప్పుడు పదకొండు రాత్రులు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నది మా నాన్నే. పక్కనున్న నలుగురూ నవ్వందుకున్నారు. పంక్తి మధ్యలో లేవకూడదు కాబట్టి నాన్న విస్తరి ముందు తలొంచుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లయింది. ఆ నలుగురి పేర్లూ, ఎవరు ఎటు కూర్చున్నారో కూడా నాకు గుర్తే. క్షమించానని అబద్ధం చెప్పను.

ఆ రాత్రి అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని అప్పు తీర్చమని అడగలేదు. "వాళ్ల ముందు ఈయన తల దించనీయకు తండ్రీ" అంది, అంతే.

పక్కింటి టీచరమ్మకు సంగతి తెలిసి, బైబిలు తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చుంది. 35వ కీర్తన చదివింది. దావీదు పేరున ఉన్న మొర అది. తన శత్రువులకు జబ్బు చేసినప్పుడు తను గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నాడట. తను తడబడగానే వాళ్లే గుమిగూడి సంతోషించారట, కన్నుగీటుకున్నారట. కత్తిపీట మీద కూర కోస్తున్న అమ్మ చేయి ఆగిపోయింది. "ఎవరు చెప్పారు టీచరమ్మా ఆయనకు మా సంగతి?" అని, ఇంకోసారి చదివించుకుంది. తర్వాత టీచరమ్మ 13వది కూడా చదివింది. ఆరే వచనాలు, అందులో నాలుగుసార్లు ఎంతకాలమని అడగడమే. నూట యాభై కీర్తనల్లో నాకు అదే బాగా ఇష్టం, ఎందుకంటే నేను పడితే నా శత్రువు సంతోషిస్తాడేమోనన్న భయాన్ని అందులో దాచుకోలేదు.

అప్పట్నుంచి టీచరమ్మ సాయంత్రం బడి నుంచి రాగానే మా అరుగు మీదికే వచ్చేది. అమ్ముడుపోని కాయల్లోంచి నాన్న ఒక టిక్కీ ఇంటికి తెస్తే, ఇద్దరూ కలిసి రోట్లో కారం దంచారు. ఆవిడకు రోకలి పట్టడం రాదు, అమ్మ నేర్పింది. పోటు మార్చి పోటు వేయడం కుదరాలంటే రెండు రోజులు పట్టింది. తొడిమలు తీయడం నా పని. చేతులు మండి నిద్ర పట్టకపోతే, టీచరమ్మ వాళ్లింటి నుంచి గిన్నెలో మజ్జిగ తెచ్చి, నా చేతులు మణికట్టు దాకా అందులో ముంచి పట్టుకుంది.