పెరట్లో జింకలు, పళ్లెంలో మొక్కజొన్నలు

మన ఇళ్లల్లో గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు అడిగేది "తిన్నావా?" అనే. మనిషైనా, కుక్కైనా, కాకైనా అంతే. బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలు తింటాయనీ, చూరుకి వరికంకుల కుచ్చు కడితే పిచ్చుకలు తింటాయనీ వింటూ పెరిగినవాళ్లం. అలాంటి మనకి, ఇంటి వెనక మోకాల్లోతు మంచులో జింక నిలబడి మన కిటికీ కేసే చూస్తుంటే, "దానికేమీ పెట్టకూడదు" అని ఎవరైనా చెప్తే వినబుద్ధవుతుందా చెప్పండి?

ఈ ఏడు చలికాలమంతా మా ఇంట్లో నడిచిన వాదన ఇదే. ఒక పక్క అత్తయ్యగారు, ఒక పక్క నేను. మధ్యలో మా అమ్మాయి, రోజుకొకరి పార్టీ. మావారు మాత్రం షరా మామూలే, "మీరిద్దరూ ఏదనుకుంటే అదే" అని లాప్‌టాప్‌లో తల దూర్చేశారు.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, రోచెస్టర్ దగ్గర. న్యూయార్క్ అనగానే అందరూ పెద్ద పెద్ద మేడలే అనుకుంటారు గానీ ఆ మహానగరానికీ మాకూ కారులో ఐదారు గంటల దూరం. మాది ఒంటారియో సరస్సు పక్క ప్రాంతం. ఆ సరస్సు మీంచి వచ్చే గాలి మంచుని మోసుకొచ్చి మా నెత్తిన గుమ్మరిస్తుంది. ఏడాదికి సుమారు 100 అంగుళాలు పడుతుంది. ఇంటి వెనక చిన్న అడవిలాంటిది ఉంది. అందులోంచి తెల్లతోక జింకలు వస్తుంటాయి. మన చుక్కల జింకల్లా ఉండవు. వేసవిలో ఎర్రమట్టి రంగు, చలికాలం వచ్చేసరికి బూడిద రంగు. బెదిరి పరిగెత్తినప్పుడు తోక పైకెత్తితే అడుగున తెల్లగా జెండా ఊపినట్టు కనబడుతుంది.

మావయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గర గడిపిన మొదటి చలికాలం ఇది. తెనాలి దగ్గర పల్లెటూరు ఆవిడది. పొద్దున్నే కాకులకి ముద్ద, వీధి కుక్కకి అన్నం, పక్కింటి ఆవుకి కూరగాయల తొక్కలు, కుడితి. అవన్నీ అయ్యాకే ఆవిడ కాఫీ. ఇక్కడ కాకి రాదు, కుక్కలన్నీ మెడలో తాడుతో యజమాని వెనకాల నడుస్తుంటాయి. పిల్లలేమో పాలలో సీరియల్ పోసుకుని నిలబడే తినేసి బస్సెక్కుతారు. "నా చేతి ముద్ద తినేవాళ్లే లేరు కదే ఈ ఊళ్లో" అన్నారొకరోజు నవ్వుతూనే. ఆ నవ్వు నాకు చాలాసేపు గుర్తుండిపోయింది.

అందుకే జనవరిలో జింకలు కిటికీలోంచి కనబడగానే ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు చూసి నేనూ సంతోషించాను. ఐదు జింకలు. రెండు పెద్దవి, మూడు కిందటేడు పుట్టిన పిల్లలు. అందులో ఒకదాని చెవి కొంచెం చిరిగి ఉండేది. దానికి "చిట్టి" అని పేరు కూడా పెట్టేశారు. మూడో రోజుకల్లా పళ్లెంలో నానబెట్టిన మొక్కజొన్నలు, రాత్రి మిగిలిన చపాతీలు, మగ్గిన అరటిపళ్లు సర్ది, నా బూట్లు వేసుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డారు.

"అత్తయ్యా, ఒక్కరోజు ఆగండి. ఇవి మన ఊరి జంతువులు కావు కదా, ఏం తింటాయో కనుక్కుని పెడదాం" అన్నాను.

"ఆకలేస్తే ఏదైనా తింటాయమ్మాయ్. అవి పక్కటెముకలా ఏమిటా!"

ఆ సాయంత్రం పక్కింటావిడని అడిగాను. టీచరుగా చేసి రిటైరైన మనిషి, పుట్టి పెరిగిందంతా ఈ పక్కే. ఆవిడ మొదట చెప్పిన మాట, ఈ రాష్ట్రంలో జింకలకి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం అని. ఇది కొత్తగా వచ్చినది కూడా కాదు, 2002 నుంచీ ఉందట. ఇంటికొచ్చి చెప్తే అత్తయ్యగారు ఒక్క చూపు చూశారు. "ఆకలిగా ఉన్న నోటికి తిండి పెడితే నేరమా? ఏం దేశమమ్మా ఇది!"

నిజం చెప్పొద్దూ, చట్టం అన్నమాట నాకూ పెద్దగా ఎక్కలేదు. ఎందుకో తెలియకుండా వద్దంటే మనసు ఒప్పుకోదు కదా. అందుకని ఆ వారమంతా లైబ్రరీ పుస్తకాలూ, రాష్ట్ర పర్యావరణ శాఖ వాళ్లు రాసినవీ చదివాను. చదివినకొద్దీ మన కంటికి కనబడేది ఒకటీ, జింక కడుపులో జరిగేది ఇంకొకటీ అని అర్థమైంది.

జింక కూడా ఆవులా నెమరువేసే జంతువే. నాలుగు అరల పొట్ట. తిన్నదాన్ని అరిగించేది నిజానికి జింక కాదు, దాని పొట్టలో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు. ఎండాకాలంలో లేతాకులకి తగ్గవి, చలికాలంలో పుల్లలూ, మొగ్గలూ, సెడార్ ఆకులూ అరిగించడానికి తగ్గవి, ఇలా కాలాన్ని బట్టి అవి మారుతుంటాయి. మారడానికి కొన్ని వారాలు పడుతుంది. పుల్లలు తింటున్న పొట్టలో ఒక్కసారిగా మొక్కజొన్నలో, రొట్టెలో పడితే అవి పులిసిపోయి ఆమ్లం తయారవుతుంది. ఉన్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కడుపు నిండుగా ఉండగానే జింక ఒకటి రెండు రోజుల్లో ప్రాణం వదిలేస్తుంది.

ఇది చెప్తున్నప్పుడు అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆగిపోయింది.

"మా గౌరి అలాగే పోయిందే" అన్నారు.

గౌరి అంటే వాళ్ల పుట్టింటి గేదె. ఆవిడకి పదేళ్లప్పుడు కళ్లంలో నూర్చిన వడ్లరాశి దగ్గరికి రాత్రి కట్టు తెంచుకుని వెళ్లి కడుపారా మేసేసిందట. తెల్లారేసరికి పొట్ట ఉబ్బిపోయి, నెమరు మానేసి, పడుకుని లేవలేదట. నూనె పట్టించారు, వంటసోడా నీళ్లు తాగించారు, ఊరంతా వచ్చి తలో మాటా చెప్పారు. మర్నాడు మధ్యాహ్నానికి పోయింది. "ధాన్యలక్ష్మే కదా, తింటే బలం అనుకున్నాను అప్పుడు. మా నాన్న అన్నాడు, గడ్డి తినే కడుపుకి గింజ విషమేనమ్మా అని." అరవయ్యేళ్ల కిందటి గేదెని తలుచుకుని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నేను చదివిన పేజీలన్నీ కలిసి చెప్పలేనిది ఆ గేదె ఒక్కముక్కలో చెప్పేసింది. మన దగ్గర పెళ్లివారు పారేసిన అన్నం ఎక్కువగా తిన్న ఆవులకి వచ్చే ఉబ్బరం కూడా ఇదే జబ్బు.

అయినా మా అమ్మాయి ఊరుకోలేదు. "మరి గడ్డి పెడదాం, యాపిల్ ముక్కలు కొంచెమే పెడదాం" అంది. పాపం తనదీ జాలే. ఎండుగడ్డి కూడా ఈ కాలంలో వాటికి సరిగా అరగదట. పొట్ట నిండా గడ్డి ఉండి కూడా ఆకలితో చనిపోయిన జింకలున్నాయని చదివాను. ఇక రెండో సంగతి జబ్బు. 1967లో కొలరాడోలో మొదటిసారి గమనించిన ఒక జబ్బుంది. జింక చిక్కి శల్యమై, తల వేలాడేసి, చొంగ కార్చుకుంటూ చనిపోతుంది. దీనికి మందు లేదు. బాక్టీరియా కాదు, వైరస్ కాదు, ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీను. లాలాజలంలో, మూత్రంలో, పేడలో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. 2005లో ఈ రాష్ట్రంలోనే ఒనైడా కౌంటీలో కనబడింది. అడవిలో విడివిడిగా మేసే జింకలన్నీ ఒకే పళ్లెంలో మూతులు పెడితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంగిలి సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు!

ఇంకోటి, మనం పళ్లెం ఎవరికోసం పెడతామో వాళ్లకి అందదు. చిట్టి లాంటి పిల్లల్ని పెద్ద జింకలు ముందుకాళ్లతో తన్ని తరిమేస్తాయి. పైగా తిండి కోసం రోడ్లు దాటి ఇళ్ల మధ్యకొచ్చి కార్ల కింద పడతాయి.

"మరి ప్రభుత్వాలే పెడతాయి కదా?" అని అడిగింది మా అమ్మాయి, స్కూల్లో విన్నదాన్ని పట్టుకుని. అదీ నిజమే. 2023 మొదట్లో మంచు మరీ ఎక్కువైతే యూటాలో వన్యప్రాణి శాఖవాళ్లే కొన్నిచోట్ల జింకలకి తిండి పెట్టారు. అయితే అది మొక్కజొన్న కాదు, వాటి పొట్టకి సరిపడేలా తయారుచేసిన ప్రత్యేకమైన దాణా. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే నిపుణులున్నారు. వయోమింగ్‌లో జాక్సన్ దగ్గర ఎల్క్ జింకలకని 1912లోనే ప్రత్యేకంగా ఒక చోటు ఏర్పాటు చేశారు. చలికాలంలో అవి మేసే లోయలో మనుషులు ఊళ్లు, పశువుల కొట్టాలు కట్టేసుకున్నారు కాబట్టి పెట్టాల్సి వచ్చింది. వందేళ్లు దాటినా మానలేకపోతున్నారు, అన్నీ ఒకేచోట గుమిగూడితే ఈ ప్రియాన్ జబ్బు ఏం చేస్తుందోనన్న భయమూ వదల్లేదు. ఒకసారి మొదలెడితే ఆపడం ఎంత కష్టమో చూడండి.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. జింక వీపు మీద మంచు కరక్కుండా పేరుకుని ఉంటే "అయ్యో, ఎంత చలేస్తోందో" అనుకునేవాళ్లం. నిజానికి అది మంచి గుర్తట. ఒంట్లో వేడి బయటికి పోవట్లేదు కాబట్టే మంచు కరగలేదు. చలికాలపు వెంట్రుకలు లోపల బోలుగా ఉండి రజాయిలా పనిచేస్తాయి. శరదృతువులో ఓక్ కాయలు తిని కొవ్వు దాచుకుంటాయి. చలికాలంలో తిండి ఎదురుగా ఉన్నా తక్కువే తింటాయి, తక్కువ తిరుగుతాయి, చెట్ల నీడన గాలి తగలనిచోట పడుకుంటాయి. దాచుకున్న కొవ్వు కరిగి ఒళ్లు ఐదోవంతు దాకా తగ్గడం వాటికి మామూలే. మనం చేయగలిగిన పెద్ద సాయం, వాటిని పరిగెత్తించకుండా ఉండటం. కుక్కని వదిలేసినా, పిల్లలు ఫోటోల కోసం వెంటపడ్డా అవి దాచుకున్నది ఖర్చయిపోతుంది.

అప్పుడు గమనించాం, మా వీధిలో ఆర్బర్‌విటే కంచెలన్నీ కింద నాలుగైదు అడుగుల దాకా కత్తిరించినట్టు బోసిగా, పైన గొడుగుల్లా ఉన్నాయి. అంతా జింకల పనే! "ఓహో, భోజనాలు వేరేచోట్ల నడుస్తున్నాయన్నమాట" అని అత్తయ్యగారు చాలా రోజుల తర్వాత పకపకా నవ్వారు.

కానీ పెట్టే చెయ్యి ఊరికే ఉండలేదు కదా. దగ్గర్లో మెండన్ పాండ్స్ అని పెద్ద పార్కుంది. అక్కడ చికడీలనే చిన్న పిట్టలు, నల్ల టోపీ పెట్టుకున్నట్టుంటాయి, అరచేతిలో పొద్దుతిరుగుడు గింజలు పట్టుకుని కదలకుండా నిలబడితే వచ్చి చేతిమీద వాలి గింజ తీసుకుపోతాయి. గింజలు తినే పిట్టకి గింజే తిండి, కడుపుకేం తేడా రాదు. ఒక ఆదివారం ఆవిడని తీసుకెళ్లాను. చలికి కొంగు మీద కోటు, కోటు మీద శాలువా. ఐదు నిమిషాలు నిలబడ్డాక ఒక పిట్ట వచ్చి ఆవిడ వేలి మీద కూర్చుంది. "బరువే లేదే" అన్నారు గుసగుసగా. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. ఇంటి దగ్గర కూడా పిట్టల కోసం గింజల గూడు కట్టాం, జింకల మూతికి అందనంత ఎత్తులో, కింద రాలినవి ఎప్పటికప్పుడు ఊడ్చేస్తూ.

మార్చి ఆఖరుకి మంచు కరిగి నేల కనబడింది. ఒకరోజు సాయంత్రం జింకలొచ్చాయి. అత్తయ్యగారు కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టారు. నాలుగే. చిరిగిన చెవి పిల్ల లేదు. నేనేమైనా అంటే బాగుండదని ఊరుకున్నాను. నాకూ లోపల గుచ్చుకుంది. పెట్టుంటే బతికేదేమో అన్న మాట ఎవరి మనసులోనైనా వస్తుంది, చదువుకున్నదంతా ఆ క్షణానికి అక్కరకు రాదు.

చాలాసేపటికి ఆవిడే అన్నారు, "మన పళ్లెం వల్ల పోలేదు, అంతవరకు నయం."

ఏప్రిల్ చివర్లో తిరుగు ప్రయాణానికి ముందు, పెరటి చివర రెడ్ ఓజియర్ డాగ్‌వుడ్ అని ఎర్రకొమ్మల మొక్కలు మూడు నాటించారు. చలికాలంలో జింకలు ఇష్టంగా కొరికే కొమ్మలు అవి. ఎదిగేదాకా చుట్టూ వల కట్టమని మావారికి చెప్పి, మొదళ్లలో నీళ్లు తనే పోశారు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా మనవరాలి చదువు తర్వాత అడిగేది ఆ మొక్కల సంగతే. నిన్న చెప్పాను, మూడూ చిగుర్లేశాయని. "వల అప్పుడే తియ్యకండి, కొమ్మ గట్టిపడనీ" అన్నారు.