తాళము వేసిన ఇళ్ళు

వాన మొహం చాటేసిన ఏడు మన అనంతపురం పల్లెలలో ఇళ్ళకు తాళాలు పడతాయి. మనుషులు బెంగుళూరు బస్సు ఎక్కుతారు. ఆ తాళాలకు కాపలా పొరుగింటి అవ్వ. పట్టణాలలో ఆ కాపలాను యంత్రానికి అప్పగిస్తున్నాము. ఊరికి వెళ్ళేవారు ముందుగా తెలిపినచో ఇంటిలో ఉచితంగా కెమెరా అమర్చే 'లాక్డ్ హౌస్ మానిటరింగ్' పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రవేశపెట్టారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు కబురు చేరుతుంది. మంచిదే. కాని కదలికను మాత్రమే గుర్తించే కంటికి దొంగకూ పిల్లికీ భేదం తెలియదు.

మా వీధిలో ఒక దుకాణపు అలారం ఒకే వారంలో మూడు రాత్రులు మ్రోగింది. మొదటి రాత్రి వీధి యావత్తూ లేచింది. మూడవ రాత్రి ఒక్క దీపమూ వెలగలేదు. 'నాన్నా, పులి' కథ పిల్లలకే అనుకొంటాము! పోలీసు జీపు మాత్రం మూడుసార్లూ వచ్చింది. అది మా వీధిలో ఉన్నంతసేపూ మరొక వీధిలో లేదు కదా.

అలారాలు ముందే వ్యాపించిన అమెరికాను ఈ చిక్కు ఎప్పుడో పట్టుకొన్నది. అక్కడి అనేక నగరాలలో అలారానికి అనుమతి పొందాలి. పదే పదే వృథాగా మ్రోగితే జరిమానా. సాల్ట్ లేక్ సిటీ 2000లో ఇంకా ముందుకు పోయింది: కావలి మనిషి వెళ్ళి చూచి నిజమన్న తరువాతనే పోలీసులు కదులుతారు. మన భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షను తెలిసి తెలిసి అధికారికి అబద్ధం చెప్పినవానిని శిక్షిస్తుంది. పిల్లిని చూచి అరచిన యంత్రపు యజమాని దానికి చిక్కడు.

మునిసిపాలిటీ ఆ యజమానిని అడుగవలసినది స్వల్పమే: రాత్రివేళ తలుపు వద్దకు వెళ్ళి చూడగల ఒక పొరుగువాని పేరు. మా వీధి దుకాణదారు ఆ పేరు వ్రాయడానికి చాలాసేపు ఆలోచించవలసి ఉంటుంది.