మీరేమిట్లు?

టులెట్ బోర్డు చూసి గేటు తీసుకుని లోపలికెళితే ముందు ఉద్యోగం అడుగుతారు. గవర్నమెంటు టీచర్నంటే మొహాలు విచ్చుకుంటాయి. నీళ్ళు, కరెంటు మీటరు, రెండు నెలల అడ్వాన్సు అన్నీ మాట్లాడాక, తాళంచెవి చేతికి రాబోయేముందు ఒక మాట వస్తుంది. "ఇంతకీ మీరేమిట్లు మాస్టారూ?"

2019 వేసవిలో ఒంగోలులో తొమ్మిది ఇళ్ళు తిరిగాను. నిజం చెప్పిన ప్రతిచోటా, ఆ ఇల్లు వేరేవాళ్ళకి మాటిచ్చేసిన సంగతి వాళ్ళకి అప్పుడే గుర్తొచ్చింది. ఒకాయన "నాకేం పట్టింపు లేదండీ, మా ఆడవాళ్ళే ఒప్పుకోరు" అన్నాడు. నా జీతంలో ప్రతినెలా ఇంటద్దె అలవెన్సు పడుతుంది. ప్రభుత్వం అద్దె డబ్బులిస్తుంది గానీ ఇల్లిచ్చే మనిషిని ఇవ్వదు.

పదో ఇంటాయన అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుని ఆయన తనకి నచ్చిన కులంగా అర్థం చేసుకున్నాడు. ఇల్లు దొరికింది. అంబేద్కర్ పటం గోడకెక్కలేదు, పెట్టెలో బట్టల కింద పెట్టాను. ఏడేళ్ళ నా కూతురికి "నాయనమ్మ వాళ్ళ పల్లె పేరు ఎవరికీ చెప్పొద్దు" అని నేర్పాను. పదిహేడో అధికరణంతో అంటరానితనం రద్దయిందని బళ్ళో పాఠం చెప్పేది కూడా నేనే.

దసరా సెలవలకి అమ్మొచ్చింది. పొగాకు కంపెనీలో గ్రేడింగుకెళ్ళి, ఆ ఘాటుకి దగ్గుకుంటూ నన్ను బి.ఇడి. దాకా చదివించిన మనిషి. సంచిలోంచి ఎండు తునకల మూట తీసి, "నీకిష్టమని ఎండబెట్టి తెచ్చా నాయనా" అంది. నేను ముందు తలుపేశాను. తర్వాత కిటికీ మూశాను. "ఇక్కడ వండొద్దమ్మా, వాసనొస్తది."

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. మూట మళ్ళీ కట్టింది. "పల్లెలో మనది పూరిల్లే. అయినా మన పొయ్యి మీద ఏం ఉడుకుతుందోనని ఏనాడూ ఎవడికీ భయపళ్ళేదురా" అంది. తెల్లారి మొదటి బస్సెక్కింది.

1917లో, కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్‌కి బరోడాలో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్శీ పేరు చెప్పుకుని ఒక పార్శీ సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని మనుషులొచ్చి ఖాళీ చెయ్యమన్నారు. నా మీదికి కర్ర పట్టుకుని ఎవడూ రాలేదు. మా అమ్మని పంపించేసింది నేనే.

ఆ సాయంత్రం మెట్లెక్కి ఇంటాయనకి చెప్పాను. "మేం మాదిగోళ్ళమండీ." ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "మా అబ్బాయికి ఇల్లు కావాలి, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఖాళీ చేశాక ఒకరోజు అటుగా వెళితే గేటుకి మళ్ళీ అదే టులెట్ బోర్డు.

అప్పట్నించీ ముందే చెప్పడం మొదలుపెట్టాను. అద్దె ఎంతని అడగకముందే, ఫోన్లోనే. చాలా ఫోన్లు అక్కడే కట్టయ్యాయి. చివరికి ఊరవతల, బడికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన రెండు గదులు దొరికాయి. ముందుగదిలో మేకు కొట్టి పటం తగిలించాను. అమ్మకి ఫోన్ చేసి "తునకలు తీసుకురామ్మా" అన్నాను.

"వాసనొస్తదేమోరా" అంది.

"రానీయమ్మా" అన్నాను.