పడమటి గోడ

సొంత గోడ అంటే ఏమిటో అద్దె ఇళ్లలో బతికిన సాయిబుకి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. పేరు వినగానే 'ఇల్లు ఇచ్చేశామండీ' అనే వాకిళ్లు ఎన్నో దాటుకుంటూ విజయవాడలో పదిహేనేళ్లు బతికాం. ఇల్లిచ్చిన ఒకాయన కూడా కాబా పటం వీధిలోకి కనపడొద్దని, లోపలి గదిలో పెట్టుకోమన్నాడు. మేకు కొట్టాలన్నా మా మతం అడ్డొచ్చింది.

మైలవరంలో ఇల్లు కట్టుకున్నాక హాల్లో పన్నెండడుగుల పడమటి గోడ ఖాళీగా మిగిలింది. 'సాయిబుగారూ, మీరు దేవుళ్ల బొమ్మలెటూ పెట్టరు, ఏడు గుర్రాల ప్యానెల్ పెట్టిద్దామా?' అన్నాడు రంగులేసే మేస్త్రి. పిల్లలు సరేనన్నారు. అమ్మీ ఒప్పుకోలేదు. పడమర మాకు ఖిబ్లా దిక్కు. ప్రాణమున్న బొమ్మ ఎదురుగా ఉంటే నమాజుకి నిలబడనంది.

'మీకు బొమ్మలంటే పడదుగా' అన్నాడో హిందూ మిత్రుడు. 'ఈ బొమ్మల పిచ్చి మనకెందుకు?' అన్నాడు మా బంధువొకాయన. ఇద్దరి లెక్కా ఒకటే. బొమ్మ వాళ్లది, ఖాళీ గోడ మాది. ఈ పంపకం ఎవరు చేశారు?

బందరు పక్కన పెడనలో అద్దే గుడ్డని కలంకారీ అంటాం. కలమూ కారీ రెండూ ఫార్సీ మాటలే. కుతుబ్‌షాహీల కాలంలో ఈ గుడ్డ బందరు రేవునుంచి ఇరాన్‌కి ఓడలెక్కింది. మిహ్రాబ్ కమానున్న జానమాజ్ గుడ్డలు, గోడకి వేలాడేసే తెరలు ఇక్కడే తయారయ్యాయి. ఇంగ్లీషువాళ్లు బందరులో కొట్టు తెరిచింది 1611లో. అప్పటికే ఆ వ్యాపారం నడుస్తోంది.

గుడ్డని కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. రంగు పాకకుండా పాలు ఆపుతాయి. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు నలుపు. ఎరుపు రావాల్సినచోట టేకు అచ్చుతో పటిక అద్ది, తర్వాత రంగులో ఉడకబెడతారు. పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది. ఇందులో హిందువుది ఏది, ముసల్మానుది ఏది? విడదీసి చూపించండి.

2022లో జిల్లా రెండయ్యింది. పెడన కృష్ణాలో ఉండిపోయింది, మైలవరం ఎన్టీఆర్ జిల్లాకొచ్చింది. అయినా మా జిల్లా గుడ్డే అనుకుని తెచ్చాం. మధ్యలో పెద్ద చెట్టు, అంచంతా మామిడిపిందెలు. అమ్మీ కళ్లజోడు పెట్టుకుని కొమ్మకొమ్మా వెతికింది, చిలకా నెమలీ ఉన్నాయేమోనని. లేవు. 'అయినా నమాజులో చూపు పూలమీదికి పోతుంది బేటా' అంది. అదీ నిజమే. పైన కర్ర బిగించి తాడు కట్టాం. నమాజు వేళకి చుట్టేస్తాం, తర్వాత దించుతాం.

అంచు పిందెల్ని అమ్మీ కైరీ అంటుంది. మామిడితోటల మధ్య పెరిగిన మా పిల్లలు పిందెలంటారు. రెండు మాటలూ మా ఇంట్లోవే.

వచ్చినవాళ్లంతా ఆ గుడ్డ చూసి 'మన కలంకారీ' అని మురిసిపోతారు. పేరు ఫార్సీ అయినా, ఏ దేశంనుంచి వచ్చావని దాన్నెవరూ అడగరు. దానికింద కూర్చున్న మమ్మల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు.