కిటికీ పక్క సీటు

"కారా? రైలా?" ఈ రెండు మాటలు మా ఇంట్లో నెలరోజులు నానాయి. దసరా సెలవులకు స్విట్జర్లాండ్ వెళ్దామనుకున్నాం. మేమిద్దరం, పదమూడేళ్ల బాబు, ఏడేళ్ల పాప, డెబ్బై రెండేళ్ల అత్తయ్యగారు. ఐదుగురం, ఎనిమిది రోజులు. వీసాలు, విమానం, బస అన్నీ కుదిరాయి గానీ అక్కడ దిగాక ఎలా తిరగాలన్నది మాత్రం తేలలేదు.

మావారిది కారు పక్షం. ఆయన మాటల్లో న్యాయం ఉంది. "అమ్మకి మోకాళ్ల నొప్పులు. పెట్టెలు మోసుకుంటూ ప్లాట్‌ఫారాలు మారడం ఆవిడ వల్ల కాదు. కారైతే డిక్కీలో పడేసి వెళ్లిపోవచ్చు. నచ్చినచోట ఆగొచ్చు" అన్నారు. ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకున్నారు.

నేను లెక్కలు వేశాను. అక్కడ స్విస్ ట్రావెల్ పాస్ అని ఉంది. ఒక్క పాస్ కొంటే రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు దాదాపు అన్నీ ఎక్కొచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు. అమ్మానాన్నల దగ్గర పాస్ ఉంటే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. అంటే మేం కొనాల్సినవి మూడు పాసులు. కారైతే అద్దె, పెట్రోలు, పార్కింగు, పాపకు వేరే సీటు. ఊళ్లో వేగం నాలుగైదు కిలోమీటర్లు దాటినా 40 ఫ్రాంకుల జరిమానా. పైగా మేం చూడాలనుకున్న వెంగెన్, మ్యూరెన్ ఊళ్లకు కారు వెళ్లదు. త్సెర్మాట్‌కి వెళ్లాలన్నా ముందున్న టేష్‌లోనే కారు వదిలి రైలెక్కాలి.

ఇవన్నీ చెప్పాను గానీ మనసులో ఉన్న అసలు కారణం మాత్రం చెప్పలేదు. పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో మేం ఎక్కడికి వెళ్లినా స్టీరింగు ముందు కూర్చున్నది ఆయనే. ప్రతి సంక్రాంతికీ హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్తాం. కొవ్వూరు దగ్గర వంతెన ఎక్కగానే పిల్లలు, నేను, అత్తయ్యగారు గోదావరిని చూస్తాం. ఆయన ముందున్న లారీని చూస్తారు. ఆ నది ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఇంటికి వెళ్తూ ఆ నదిని చూడలేకపోవడం నాకు ఎప్పుడూ బాధే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఏడు రోజులు రైలు, ఒక రోజు కారు.

జూరిచ్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషను. అక్కడ ఎక్కి గంటలో లూసెర్న్ చేరాం. మేం మారాల్సిన ఇంటర్లాకెన్ రైలు వేరే ప్లాట్‌ఫారం మీద ఉంది. పెట్టెలు లాక్కుంటూ, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని చేరేసరికి ఆ రైలు మా కళ్లముందే కదిలి వెళ్లిపోయింది. మావారు ఒక్క మాటా అనలేదు. అత్తయ్యగారే "నా వల్లేనర్రా" అని చిన్నబుచ్చుకున్నారు. నాకు గుండె గుభేలుమంది. నా పంతం కోసం పెద్దావిణ్ణి కష్టపెట్టానా అనిపించింది.

కానీ గంట తర్వాత సరిగ్గా అదే నిమిషానికి ఇంకో రైలుంది. 1982 నుంచి ఆ దేశంలో రైళ్లకు ఇదే పద్ధతి: ప్రతి గంటా అదే నిమిషానికి రైలు. 1987లో జనం ఓటేసి మరీ రైళ్ల విస్తరణకు ఒప్పుకున్నారు. పెద్ద జంక్షన్లకు నలువైపుల నుంచీ రైళ్లు కాస్త ముందువెనకగా చేరి, ప్రయాణికులు మారగానే బయల్దేరేలా వేళలు కూర్చారు. అందుకే రైలు తప్పినా ప్రయాణం చెడదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

బెంచీ మీద కూర్చుని అత్తయ్యగారు తెచ్చిన పులిహోర డబ్బా తీశాం. పాప మాత్రం స్టేషను గడియారం చూస్తూ నిలబడిపోయింది. తెల్లటి పళ్లెంలాంటి గడియారం, నల్లటి ముళ్లు, సెకన్ల ముల్లు ఎర్రగా, చివర గుండ్రంగా. "అమ్మా, అది పైకెళ్లి ఆగుతోంది!" అంది. నిజమే. 1944లో హన్స్ హిల్ఫికర్ అనే ఇంజినీరు రూపకల్పన చేసిన గడియారమది. ఎర్రముల్లు 58 సెకన్లు దాటీ దాటగానే చుట్టు పూర్తిచేసి, పన్నెండు దగ్గర క్షణంపాటు నిలబడుతుంది. ప్రధాన గడియారం నుంచి సంకేతం రాగానే నిమిషాల ముల్లు ఒక గెంతు గెంతుతుంది, ఎర్రముల్లు మళ్లీ బయల్దేరుతుంది. ఆ గంటా పాప నిమిషాలు లెక్కపెడుతూనే ఉంది.

లూసెర్న్ నుంచి ఇంటర్లాకెన్ దాకా మీటర్‌గేజి లైను. బ్రూనిగ్ కనుమ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. నిటారు చోట్ల పట్టాల మధ్య పళ్లకడ్డీని పట్టుకుని మెల్లగా పాకుతుంది. నలుగురం ఎదురెదురుగా, బాబు పక్క వరసలో. మావారికి కిటికీ పక్క సీటిచ్చాను.

గిస్విల్ దాటాక ఆయనే ముందు చూశారు. "అమ్మా, అటు చూడు!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. కొండదారిలో ఆవుల మంద దిగుతోంది. కొమ్ముల మధ్య పూల కిరీటాలు, మెడలో పెద్దపెద్ద గంటలు. వేసవంతా కొండమీది పచ్చికలో మేసిన పశువుల్ని చలికాలం వచ్చేముందు ఇలా సింగారించి ఊళ్లోకి తోలుకొస్తారట. "మన కనుమ పండగేరా!" అన్నారు అత్తయ్యగారు. ఇక కథ మొదలైంది. చిన్నప్పుడు కనుమనాడు తాతగారి ఎడ్ల కొమ్ములకు రంగులు పూసింది, ఆ రంగు కొత్త చొక్కాకి అంటితే గోదాట్లో ఉతుక్కుని తడిచొక్కాతోనే ఇంటికొచ్చింది ఆయన చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ కథలు వాళ్లు ఎప్పుడూ వినలేదు. కారులో మేం చెప్పే మాట ఒక్కటే కదా: "నాన్నని మాట్లాడించకండి, బండి నడుపుతున్నారు."

కింద లుంగెర్న్ సరస్సు, ఆ తర్వాత బ్రియెన్జ్ సరస్సు వచ్చాయి. హిమానీనదాలు రాళ్లను పిండి చేసి పంపితే ఆ పొడి నీళ్లలో కలిసి మణిలా మెరిసే రంగు వస్తుంది. ఆయన దాన్ని తనివితీరా చూశారు.

ఆరో రోజు కారు. అక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోతే వైపర్ తిరిగేది. ఇంటర్లాకెన్ నుంచి ఇన్నెర్ట్‌కిర్హెన్ మీదుగా గ్రిమ్‌జెల్ కనుమకు, అంటే 2,164 మీటర్లకు ఎక్కాం. మెలికల దారిలో పాపకు వాంతులయ్యాయి. కారు ఆపగలిగాం కాబట్టి కడుక్కుని, చల్లగాలికి కాసేపు కూర్చుని బయల్దేరాం. ఒక మలుపులో పసుపుపచ్చ పోస్టుబస్సు మూడు స్వరాల హారన్ మోగించుకుంటూ ఎదురైంది. రొస్సీని 'విలియం టెల్' సంగీతంలోంచి తీసుకున్న స్వరాలవి. ఆ కొండదారుల్లో బస్సుకే ముందుహక్కు. మావారు బండిని వెనక్కి తీసి దారిచ్చారు. చెమటలు పట్టిన ఆ ముఖం నాకింకా గుర్తుంది.

గ్లెచ్ దాటి ఫుర్కా దారి ఎక్కుతుంటే రోన్ హిమానీనదం కనిపించింది. అక్కడ మాత్రం కారు నెగ్గింది. పాత రైలుమార్గం ఒకప్పుడు ఈ కొండ మీదుగానే వెళ్లేది. 1982లో 15 కిలోమీటర్ల సొరంగం తెరిచాక ఏడాది పొడవునా నడిచే రైళ్లు కొండ కిందినుంచి పోతున్నాయి. వాటిలో కూర్చుంటే ఈ దృశ్యం లేదు. 1850 ప్రాంతంలో ఈ మంచు కింద గ్లెచ్ లోయ దాకా ఉండేది. ఇప్పుడు కొండ అంచు వెనక్కి జరిగిపోయింది. కరుగుదల తగ్గించడానికి వేసవిలో కొంతమేర తెల్లటి దుప్పట్లు కప్పుతూ వచ్చారు. ఆ మంచులోంచి పుట్టిన నీరే 812 కిలోమీటర్లు ప్రవహించి ఫ్రాన్సు మీదుగా మధ్యధరా సముద్రంలో కలుస్తుంది.

"నది పుట్టినచోటా ఇది?" అని అత్తయ్యగారు రెండు చేతులూ జోడించారు. గంటన్నర అక్కడే కూర్చున్నారు. తొందరపెట్టే వేళలు లేవు, మారాల్సిన ప్లాట్‌ఫారం లేదు. ఆ గంటన్నర కారు మాకిచ్చిన వరం. ఆ మాట ఆయనతో అప్పుడే చెప్పాను.

ఆ రాత్రి భోజనం దగ్గర పిల్లలు గ్రిమ్‌జెల్ ఆనకట్టల వెనక సరస్సుల గురించి మాట్లాడుకుంటున్నారు. "నీకేది బాగా నచ్చింది నాన్నా?" అని బాబు అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ సరస్సులు నేను చూళ్లేదురా. రోడ్డే చూశాను" అన్నారు. అందరం మౌనంగా అయిపోయాం. అత్తయ్యగారు కొడుకు కంచంలో ఇంకో గరిటె పెరుగన్నం వడ్డించారు.

ఎవరైనా అడిగితే నేనిప్పుడు ఇలా చెబుతాను. చంటిపిల్ల ఉన్నా, రోజుకో పల్లెలో బస చేసినా, కనుమలు ఎక్కాలని ఉన్నా కారు తీసుకోండి. ఒకేచోట గది తీసుకుని చుట్టుపక్కల తిరిగేట్టయితే రైలు మేలు. మనిషికో చిన్న పెట్టె చాలు. కారు కావాల్సిన రోజు అక్కడే అద్దెకు దొరుకుతుంది. అయితే ఖర్చు లెక్క తేలాక ఇంకో లెక్క వేయండి. బండి నడిపే మనిషికి సెలవు ఎన్ని రోజులు? ఆ మనిషిని కూడా ఇంట్లో ఒకరిగా లెక్కపెట్టండి.

మొన్న సంక్రాంతికి రాజమండ్రి టికెట్లు ఆయనే తీశారు. పగటి రైలు. కొవ్వూరు దాటి వంతెన ఎక్కుతుంటే అత్తయ్యగారు కొంగుముడి విప్పి రూపాయి బిళ్లలు తీశారు. పిల్లలు చేతులు చాచారు. ఆవిడ మొదటి బిళ్ల మాత్రం కిటికీ పక్కన కూర్చున్న కొడుకు అరచేతిలో పెట్టారు.

"వెయ్యి నాన్నా" అన్నారు. "ఎన్నేళ్లయిందో నువ్వు వేసి."