ఇంటి తెరపై బొబ్బిలి

చలనచిత్ర విమర్శకు కావలసిన అర్హతలేవీ నాకు లేవు. ఛాయాగ్రహణంలోని సూక్ష్మాలు తెలియవు. కూర్పులోని మెలకువలు అంతకన్నా తెలియవు. చరిత్రలో స్నాతకోత్తర పట్టా పుచ్చుకొని, పిదప ప్రభుత్వోద్యోగంలో ప్రవేశించి, వారమంతా ఫైళ్ళ నడుమ గడిపి, ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదితో కలిసి ఒక పాత సినిమా చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. అది కూడా తిన్నగా కూర్చొని చూడను. మధ్యలో ఇస్త్రీ బట్టలవాడు వస్తాడు, మంచినీళ్ళ క్యాను వస్తుంది, కునుకు వస్తుంది. ఇటువంటి వాడి అభిప్రాయాలకు విలువేమిటని ఎవరైనా అడిగితే నా వద్ద సమాధానం లేదు. అయితే సినిమాలు అధికభాగం ఇటువంటి వారి కోసమే తీశారన్నది మాత్రం నిజం.

మాది యానాం. ఉద్యోగరీత్యా పుదుచ్చేరికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఒకే ప్రభుత్వపు పరిధిలోనే బదిలీ అయినా, గోదావరి ఒడ్డు నుండి ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. భాష మారిపోతుంది, అన్నంలో కలుపుకొనే పచ్చడి మారిపోతుంది. నాన్నగారు పోయిన తరువాత అమ్మ మా దగ్గరకు వచ్చి ఉంటోంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతుంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆ లోపం నాదే. ఎప్పటికప్పుడు వచ్చే వేసవి సెలవులలో నేర్పుదామనుకుంటూ పన్నెండు వేసవులు గడిపేశాను. కనుక మా ఇంట్లో నాన్నమ్మకూ మనుమరాలికీ నడుమ తెలుగు వాఙ్మయమంటూ ఏదైనా ఉంటే అది ఆదివారపు సినిమాయే.

నా చిన్నతనంలో దూరదర్శన్‌లో తెలుగు చిత్రం వచ్చే రోజున వీధిలో టీవీ ఉన్న ఒకే ఒక ఇంటి వరండా నిండిపోయేది. యాంటెన్నా తిప్పడానికి మేడపైకి ఎక్కిన కుర్రవాడికి కథ సగమే దక్కేది. ఆ కుర్రవాణ్ణి చాలాసార్లు నేనే. ఇప్పుడు ఏ చిత్రం కావాలన్నా ఏ క్షణంలోనైనా ఇంట్లోకే వస్తుంది. కావలసిన చోట ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు. ఈ ఆపే సౌకర్యమే మా ఇంట్లో కలహాలకు మూలమయింది.

మొదట కలహం లేని సినిమా సంగతి చెబుతాను. 1957లో విజయా వారు తెలుగు, తమిళ భాషలలో ‘మాయాబజార్’ నిర్మించారు. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. రెండింటిలోనూ సావిత్రి, ఎస్.వి. రంగారావులే ఉన్నారు, అభిమన్యుడు మాత్రం తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. మా పక్కింటి పెద్దావిడ తమిళ చిత్రం చూసి పెరిగింది. మా అమ్మ ‘శశిరేఖ’ అంటుంది, ఆవిడ ‘వత్సల’ అంటుంది. అమ్మకు తమిళం అంతంత మాత్రం, ఆవిడకు తెలుగు రాదు. అయినా గత దీపావళి నాడు మా ఇంట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చొని, ఘటోత్కచుడు పెళ్ళివంటలన్నీ ఒక్కడే ఆరగించే ఘట్టాన్ని చూస్తూ పగలబడి నవ్వారు. వ్యాసభారతంలో ఈ పెళ్ళి ముచ్చటే లేదనీ, ఇంత పెద్ద కథలో పాండవులు ఒక్కసారైనా తెరమీదకు రారనీ నేను చెప్పబోయాను. వినేవారు లేకపోయారు. పాండవులు రాకపోవడాన్ని తాను ఇన్నేళ్ళూ గమనించనేలేదని అమ్మ మరునాడు ఒప్పుకొని, “రాకపోతేనేం, వాళ్ళ లోటు కనబడిందా?” అంది. ఆ చిత్రం గురించి ఇంతకు మించిన విమర్శ నేను చదవలేదు.

చారిత్రక చిత్రాల దగ్గరికి వచ్చేసరికి నా చదువు నన్ను ఊరుకోనివ్వదు. ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చూస్తున్నప్పుడు గుమ్మడి గారి అభినయానికి అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, నేను బొమ్మ ఆపి, తిమ్మరుసు కన్నులు తీయించిన కథకు ఆధారం పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాతలనీ, దానిని అందరు చరిత్రకారులూ ఒకే తీరున అంగీకరించలేదనీ ఉపన్యసించాను. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్ళి బియ్యం ఏరుకుంది. ఆ పూట తక్కిన సినిమా నేనొక్కణ్ణే చూశాను. ఒక్కడూ చూస్తే ఆ చిత్రం అంత గొప్పగా అనిపించలేదు.

ఇక అసలు విషయం. ‘బొబ్బిలి యుద్ధం’ (1964) మా అమ్మకు ప్రాణం. రంగారాయుడుగా ఎన్.టి. రామారావు, మల్లమదేవిగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు, విజయరామరాజుగా రాజనాల. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. నా మటుకు నాకు ఆ చిత్రంలో రంగారావు తక్కిన అందరినీ మింగివేస్తాడు. ఆయన ఊరకే నిలబడినా కోటగోడకు మరొక బురుజు కట్టినట్లుంటుంది. రామారావు అభిమానులు మన్నింతురు గాక. కోటలూ గుడారాలూ మద్రాసు స్టూడియోలవని కనబడిపోతూనే ఉంటుంది. అదొక లోపంగా ఎంచను. బుర్రకథకుడికి గుడారం కూడా ఉండదు కదా.

అయితే ఈ చిత్రాన్ని పుదుచ్చేరిలో కూర్చొని చూడడంలో ఒక తిరకాసు ఉంది. నేను రోజూ కార్యాలయానికి వెళ్ళే దారి లాల్ బహదూర్ శాస్త్రి వీధి. పాతకాపులు దానిని నేటికీ బుస్సీ వీధి అనే అంటారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను ఫిరంగులతో ముట్టడించిన బుస్సీ పేరే అది. 1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సైన్యపు ఖర్చుల కింద అప్పగిస్తే, వాటి శిస్తు వసూలు కోసం అతడు అటు వచ్చాడు. చివరకు 1785లో ఈ పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు. బొబ్బిలి కథలో పరాసుల దొరగా వినిపించేవాడు ఇక్కడి పుస్తకాలలో సమర్థుడైన సేనాని, నేర్పరియైన రాజనీతిజ్ఞుడు. ఇక్కడ గవర్నరుగా పనిచేసిన చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ మార్టినో అతనిపై పెద్ద గ్రంథమే వ్రాశాడు. ఒకే మనిషి మా వీధికి పేరు, మా సినిమాకు ప్రతినాయకుడు.

మా మాతామహులు యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసిన తరువాత కూడా ఆయన పలకరింపులో ఒకటి రెండు ఫ్రెంచి మాటలు దొర్లేవట. ఆ దొరల క్రమశిక్షణను మెచ్చుకొనేవారట. ఆయనే ఊళ్ళోకి బొబ్బిలి కథ చెప్పేవాళ్ళు వస్తే తెల్లవార్లూ కూర్చొని పరాసులను తిట్టిపోసేవారట. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయని అమ్మను అడిగితే, “పగలు పగలే, రాత్రి రాత్రే” అంది.

ఈ ఏడు సంక్రాంతి సెలవులలో ఆ చిత్రం మళ్ళీ పెట్టాము. అప్పటికి నేను బొమ్మ ఆపకూడదని ఇంట్లో ఒప్పందం కుదిరింది. కనుక మనసులోనే వ్యాఖ్యానించుకుంటూ కూర్చున్నాను. ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ ఈ యుద్ధాన్ని విపులంగానే వర్ణించాడు. విజయరామరాజు మాట విని బుస్సీ రంగారాయుడికి బొబ్బిలికి బదులు అంతకన్నా ఎక్కువ భూమి వేరొక చోట ఇస్తానన్నాడు; రంగారాయుడు దానిని అవమానంగా తలచాడు; ఆ పైన ఫ్రెంచివారి సిపాయిల దండొకటి బొబ్బిలి అడవుల్లో దెబ్బతిన్నది; దానితో ముట్టడి తప్పలేదు. సినిమాలోని మంచి చెడ్డలంత సూటిగా ఓర్మ్ పుటలలో విడిపోవు. కాని కోట పడిపోతుందని తెలిసిన తరువాత లోపలి స్త్రీలూ పిల్లలూ తమవారి చేతులలోనే ప్రాణాలు విడిచిన సంగతి దగ్గర ఓర్మూ, కథకులూ ఒక్కటే చెబుతారు.

మా అమ్మాయి అంతసేపూ బుస్సీ ఉచ్చారణ చూసి నవ్వుతూ ఉన్నది. ఆమె బడిలో వినే ఫ్రెంచికీ, తెలుగు నటుడి దొరతనానికీ పొత్తు కుదరదు మరి. చిత్రం ముగిశాక, కోటలోని స్త్రీల గతి గురించి నేను చెబుతుంటే ఉన్నట్టుండి నవ్వు మాని, “వాళ్ళను ఎవరైనా అడిగారా నాన్నా?” అంది.

నేను మాట్లాడలేదు. అమ్మ కూడా వెంటనే మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా ఆమె ఆ ఘట్టాన్ని గర్వంగా చెబుతూ వచ్చింది. మేమూ గర్వంగానే వింటూ వచ్చాము. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ మొదలు నేటి సినిమా వరకు ఆ ప్రశ్న ఎక్కడైనా ఉన్నదేమోనని వెదికాను. నాకు కనబడలేదు. కొంతసేపటికి అమ్మ, “అడిగి ఉండరమ్మా. ఆ రోజుల్లో దేనికీ అడిగేవారు కారు” అని, “ఈ రోజుల్లో మాత్రం” అంటూ ఆగిపోయింది.

అప్పుడు నేను ఒప్పందాన్ని మీరి, ఓర్మ్ వ్రాసిన మరొక ముచ్చట చెప్పాను. యుద్ధమంతా అయిపోయాక ఒక ముసలివాడు ఒక పసివాణ్ణి వెంటబెట్టుకొని ఫ్రెంచి అధికారి ఒకని దగ్గరకు వచ్చాడట. ఇతడు రంగారాయుడి కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను దాచి బ్రతికించాను అన్నాడట. ఆ రోజు ఆ కోటలో అందరూ ఆజ్ఞ పాటించారు, పాటించనివాడు ఇతడొక్కడు. అమ్మ మొదటిసారిగా నా చరిత్రను శ్రద్ధగా విన్నది. “ఆ ముసలాయన పేరేమిటి?” అని అడిగింది. ఓర్మ్ పేరు చెప్పలేదన్నాను. “అదేమిటి? ఫిరంగులన్నీ లెక్కపెట్టినవాడు పేరు అడగలేదా?” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం బొబ్బిలి కాదు. ఆ కథలో దుబాసి ఒకడున్నాడు. దొరకు తెలుగు రాదు, కోటలోని వారికి ఫ్రెంచి రాదు. నడుమనున్నవాడు మాటలు తారుమారు చేశాడని కథకుల ఆరోపణ. ఈ పట్టణంలో దుబాసి అంటే తక్కువ మాట కాదు. డూప్లే కొలువులో ప్రధాన దుబాసిగా ఉన్న ఆనందరంగ పిళ్ళె భవనం నేటికీ బజారు పక్కన నిలిచి ఉంది. 1736 నుండి దశాబ్దాల పాటు ఆయన తమిళంలో వ్రాసిన దినచర్యలు చరిత్ర విద్యార్థులకు పెన్నిధి. కస్తూరి రంగకవి తన తెలుగు లక్షణ గ్రంథానికి ‘ఆనందరంగ రాట్ఛందము’ అని ఆయన పేరే పెట్టాడు. ఆ కుర్చీకీ నా బల్లకూ పోలిక లేదు గాని, నేనూ కొన్నాళ్ళు ఆ పనే చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక విభాగంలో యానాం నుండి వచ్చే తెలుగు అర్జీలను చదివి, వాటి సారాంశం ఇంగ్లీషులో వ్రాసి పైకి పంపడం నా వంతు.

ఒక వితంతువు నాలుగు పుటల అర్జీ పంపింది. దస్తూరీ ఎవరో బడిపిల్లవాడిది. అందులో భర్త జబ్బు, అప్పులు, కూలిన ఇల్లు అన్నీ ఉన్నాయి. నేను పైపైన చదివి, “ఆర్థిక సహాయం కోరుతున్నారు” అని ఒక్క పంక్తి వ్రాశాను. “ప్రస్తుతం నిధులు లేవు” అని పై నుండి ఒక్క పంక్తి వచ్చింది. అది ఆమెకు చేరింది. ఎనిమిది నెలల తరువాత రెండవ అర్జీ వచ్చింది. ఈసారి ఒక్క పుటే. తనకు డబ్బు అక్కరలేదనీ, ఫ్రెంచివారి కాలపు జనన రిజిస్టరులో తన భర్త పేరు ఒక విధంగా, కార్డులో మరొక విధంగా ఉండడం వల్ల పింఛను ఆగిపోయిందనీ, ఆ పేరు సరిచేయమని మాత్రమే మొదట కూడా అడిగాననీ వ్రాయించింది. పాత కాగితం తీసి చూశాను. నాలుగవ పుటలో, చివరన, ఆ సంగతి స్పష్టంగా ఉంది. నేను అంతవరకూ చదవలేదు.

పేరు సరిచేయించాను. దానికి మరొక రెండు నెలలు పట్టింది. నా తప్పు ఫైలులో ఎక్కడా నమోదు కాలేదు. ఆ దుబాసి లంచం పుచ్చుకొన్నాడని కథకులు అంటారు. నేను ఏమీ పుచ్చుకోలేదు, త్వరగా ఇంటికి పోదామనుకున్నాను, అంతే. వినేవాడికి రెండింటి ఫలితమూ ఒక్కటే. ఈ సంగతి అంతవరకూ ఇంట్లో చెప్పలేదు. మరునాడు ఉదయం కాఫీ దగ్గర అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు విని, “ఆవిడ పేరేమిటి?” అని అడిగింది. నాకు గుర్తుంది. చెప్పాను. ఊరు యానాంలో ఏ వీధి అని కూడా అడిగి తెలుసుకొని, తమకు చుట్టరికం ఏమైనా తగులుతుందేమోనని లెక్కలు వేసుకుంది. తగలలేదు.

సంక్రాంతి దాటాక మా అమ్మాయికి ఓనమాలు మొదలుపెట్టాము. నేను కాదు, నాన్నమ్మే నేర్పుతోంది. పలక దొరకక పాత క్యాలెండరు వెనుక వైపున దిద్దిస్తోంది. ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నారు.

తరువాతి ఆదివారం ఏం చూద్దామని అడిగితే అమ్మ ‘గుండమ్మ కథ’ పెట్టమంది. “అందులో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. నువ్వు కూడా వచ్చి కూర్చోవచ్చు” అంది.